నలభై దాటాక నలుగురిలోకి వెళ్లాలంటే: ఎలా తయారవ్వాలి

పిలుపు వస్తుంది. దగ్గరివాళ్ల ఇంట్లో పెళ్లి కావచ్చు, కాలేజీలో కలిసి చదువుకున్న బ్యాచ్ అంతా చాలా ఏళ్లకు కలుస్తుండవచ్చు, ఆఫీసులో ఎవరిదో రిటైర్మెంట్ ఫంక్షన్ కావచ్చు. వెళ్లాలనే ఉంటుంది. అంతలోనే పాపిడి దగ్గర తెల్లబడిన వెంట్రుకలు, గడ్డం కింద వదులైన చర్మం, బిగుతైపోయిన పాత బట్టలు గుర్తొస్తాయి. 'కాస్త బరువు తగ్గాక వెళ్దాంలే, ఈసారికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందాం' అనిపిస్తుంది. నలభై, యాభై ఏళ్ల వయసులో చాలామంది ఇలాగే తమకు ఇష్టమైన మనుషుల్ని కలిసే అవకాశాలు ఒక్కొక్కటే వదిలేసుకుంటారు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. బరువు తగ్గడం కోసం మనుషుల్ని వాయిదా వేయకండి. ముందు వస్తున్నానని చెప్పేయండి, తయారీ సంగతి తర్వాత చూద్దాం.

ఇక్కడ చెప్పేదేదీ మిమ్మల్ని పదేళ్లు చిన్నగా చూపించడానికి కాదు. వయసు దాచాలని చూస్తే ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది, మీకూ రోజంతా దాని మీదే ధ్యాస ఉంటుంది. శుభ్రంగా, ఆరోగ్యంగా, కంటినిండా నిద్రపోయిన మనిషిలా కనిపిస్తే చాలు. చేయాల్సినవన్నీ ముందే చేసేసుకుంటే, ఆ రోజు జుట్టు గురించో పొట్ట గురించో ఆలోచించే పని లేకుండా ఎదురుగా ఉన్న మనిషితో హాయిగా మాట్లాడగలుగుతారు.

తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

క్యాలెండర్‌లో ఆ రోజు గుర్తుపెట్టుకుని వెనక్కి రండి. ఎక్కువ టైమ్ పట్టే పనులు ముందు మొదలవ్వాలి. చాలామంది దీన్నే తలకిందులు చేస్తారు. రెండు నెలలు ఊరుకుని, ఆఖరి వారంలో కొత్త క్రీము, కొత్త డై, కొత్త చెప్పులు, కఠినమైన డైటింగ్ అన్నీ ఒక్కసారే మొదలుపెడతారు. మొహం మీద దద్దుర్లు, కాళ్లకు పొక్కులు వచ్చేది ఇలాంటప్పుడే.

మూడు నెలలు ఉంటే నడక, కండరాల వ్యాయామం, చర్మం, పళ్లు, అన్నింటికీ టైమ్ ఉన్నట్టే. ఒక నెలే ఉంటే బరువు సంగతి వదిలేసి నిలబడే తీరు, జుట్టు, బట్టల మీద దృష్టి పెట్టండి. వారమే ఉంటే నిద్ర, సరిపోయే బట్టలు, శుభ్రమైన గోళ్లు, చక్కని హెయిర్ కట్ చాలు. నిజానికి మనిషి తీరులో కంటికి కనిపించే తేడా ఎక్కువగా తెచ్చేవి ఈ చివరివే.

మీరెలా ఉన్నారో సరిగ్గా చూసుకోండి

ఫోన్ సెల్ఫీ చూసుకుని ఏ నిర్ణయానికీ రాకండి. కెమెరా మొహానికి బాగా దగ్గరగా ఉంటే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టి చూస్తే, ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే పన్నెండు అంగుళాల దూరం నుంచి తీసిన దాంట్లో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని తేలింది. అంటే మీరు చూసుకుని బాధపడుతున్న ఆ ముక్కు ఇంకెవరికీ కనిపించని ముక్కు.

ఇంట్లో ఒకరిని ఐదారు అడుగుల దూరంలో నిలబడి, పగటి వెలుతురులో, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీయమనండి. పొట్ట లోపలికి లాక్కోకండి, మామూలుగా నిలబడండి. పక్క నుంచి తీసిన ఫొటో ముఖ్యం, ఎందుకంటే మిమ్మల్ని మీరు ఎప్పుడూ ఆ వైపు నుంచి చూసుకోరు. అది చూసి బాగుచేసుకోదగ్గవి మూడంటే మూడే రాసుకోండి. మీ చేతిలో లేనివి, అంటే ఎత్తు, ముక్కు తీరు, ఒంటి రంగు, ఆ చీటీలో ఉండకూడదు. ఒంటి రంగు గురించి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది, కింద వస్తుంది.

నిలబడే తీరు

అన్నింటికంటే ముందు దీన్ని పట్టుకోమంటాను. ఏళ్ల తరబడి కుర్చీలో, ఫోన్ మీద వంగి గడిపాక మెడ ముందుకొస్తుంది, భుజాలు గుండ్రంగా ముడుచుకుంటాయి, పొట్ట ఉన్నదానికంటే ఎక్కువగా ముందుకు కనిపిస్తుంది. ఒక్క కిలో కూడా తగ్గకుండానే దీన్ని సరిచేసుకుంటే బట్టలు ఒంటి మీద కూర్చునే తీరే మారిపోతుంది.

ముందు మీ పరిస్థితి చూసుకోండి. గోడకు వీపు ఆనించి, మడమలు గోడకు రెండు మూడు అంగుళాల ముందు ఉంచి నిలబడండి. పిరుదులు, భుజాల వెనక ఎముకలు, తల వెనక భాగం మూడూ గోడకు తగలాలి. గడ్డం పైకెత్తితే తప్ప తల తగలడం లేదంటే మీ మెడ ముందుకొచ్చేసినట్టే. అప్పుడు ఇవి మూడు చేయండి.

మొదటిది, అదే గోడ దగ్గర గడ్డాన్ని కిందికి వంచకుండా, నేరుగా వెనక్కి లాగండి. గొంతు కింద రెండో గడ్డం పడుతున్నట్టు అనిపిస్తే సరిగ్గా చేస్తున్నట్టు. ఐదు సెకన్లు ఉంచి వదలండి, పదిసార్లు. రెండోది, గుమ్మంలో నిలబడి రెండు మోచేతులూ భుజాల ఎత్తులో ద్వారబంధానికి అటూ ఇటూ ఆనించి, ఒక కాలు ముందుకేసి ఛాతీని మెల్లగా ముందుకు నెట్టండి. ఛాతీ ముందు భాగం లాగినట్టు తెలుస్తుంది. ముప్పై సెకన్ల చొప్పున మూడుసార్లు. మూడోది, మళ్లీ గోడకు ఆని, మోచేతులు మడిచి చేతులు రెండూ గోడకు తగిలేలా పైకెత్తి, గోడను వదలకుండా మెల్లగా పైకీ కిందికీ జరపండి. మొదట్లో మణికట్లు గోడకు తగలవు, కంగారు పడకండి. రెండు మూడు వారాలు రోజూ చేస్తే దగ్గరకొస్తాయి. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని వాళ్లు, ఈ వయసులో అది చాలామందికి వస్తుంది, మూడోది వదిలేసి ముందు డాక్టర్‌కు చూపించుకోండి.

బరువు, కండ

ముప్పై దాటిన దగ్గర్నుంచి, వ్యాయామం లేకపోతే పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతూ వస్తుంది. అందుకే అదే బరువున్నా మనిషి వదులుగా కనిపిస్తారు. ఇలాంటప్పుడు తిండి మానేస్తే కొవ్వుతో పాటు ఉన్న కండ కూడా పోతుంది, బుగ్గలు లోపలికి పోయి మొహం పీక్కుపోతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఒక్కసారిగా బరువు తగ్గితే రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడవచ్చు. ఇవాళ మొదలుపెట్టిన కఠిన ఉపవాసం ఫలితం సరిగ్గా ఫంక్షన్ నాటికి దువ్వెనలో కనిపించవచ్చు.

వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గడం క్షేమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వేగం నడక లాంటి వ్యాయామం, దాంతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని. జిమ్ తప్పనిసరి కాదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, నీళ్ల సీసాలు పట్టుకుని చేతులెత్తడం, ఇవి చాలు మొదలుపెట్టడానికి. ప్రతి భోజనంలో ప్రోటీన్ ఉండేలా చూసుకోండి. గుండె జబ్బు, కీళ్ల నొప్పులు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి.

ఏ కారణం లేకుండా బరువు పెరగడం, విపరీతమైన నీరసం, జుట్టు ఊడటం మూడూ కలిసి ఉంటే క్రీములు కొనేముందు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోవడం మంచిది.

చర్మం: తక్కువ వస్తువులు, ఎక్కువ ఓపిక

యవ్వనంలో చర్మం పైపొర దాదాపు 28 రోజుల్లో కొత్తదవుతుంది. వయసు పెరిగేకొద్దీ అందుకు ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. మెనోపాజ్ తర్వాత మొదటి ఐదేళ్లలో ఆడవాళ్ల చర్మంలో దాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. కాబట్టి పది రోజుల్లో మార్పు చూపిస్తామనే ఏ సీసానూ నమ్మకండి.

రోజూ చేయాల్సినవి మూడు. సబ్బుకు బదులు మృదువైన క్లెన్సర్‌తో కడగడం, మొహం ఇంకా తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయడం, పగలు సన్‌స్క్రీన్. ట్యూబ్ మీద ఎస్‌పీఎఫ్ అని ఉండే నంబర్ అది ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెబుతుంది. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది సూర్యకిరణాల్లో చర్మాన్ని కమిలించే యూవీబీని 97 శాతం దాకా ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం. తేడా ఇంతే కాబట్టి నంబర్ కంటే ఎంత రాస్తున్నారన్నది ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలుగా పిండితే వచ్చేంత కావాలి మొహానికీ మెడకూ కలిపి. బఠాణీ గింజంత రాసుకుంటే లాభం లేదు. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఎండలోనే ఉండే ఇంకో రకం, యూవీఏ కిరణాలు, కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి, అందుకే రోజూ డ్రైవింగ్ చేసేవాళ్లు కూడా వాడాలి. మెడను, చేతుల పైభాగాన్ని మర్చిపోతుంటారు. వయసు మొదట తెలిసేది అక్కడే.

మూడు నెలల టైమ్ ఉంటే రెటినాయిడ్ (విటమిన్ ఎ రకానికి చెందిన, మొహానికి రాసే మందు) గురించి ఆలోచించవచ్చు. సన్నని ముడతలకు, మచ్చలకు పనిచేస్తుందని గట్టి ఆధారాలు ఉన్న మందు అది. ఫలితం తెలియడానికి దాదాపు పన్నెండు వారాలు పడుతుంది. మొదటి వారాల్లో చర్మం ఎండిపోయి పొట్టు లేస్తుంది, ఎర్రబడుతుంది. అందుకే నెల లోపు ఫంక్షన్ ఉంటే ఇప్పుడు ముట్టుకోకండి. వాడితే రాత్రిపూట, మొదట్లో వారానికి రెండుసార్లే, బఠాణీ గింజంత. గర్భం దాల్చే అవకాశం ఉన్నవాళ్లు వాడకూడదు.

ఇప్పుడు రంగు సంగతి. వారంలో తెల్లబరుస్తుందని చెప్పి అమ్మే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ గానీ పాదరసం గానీ ఉంటాయి. స్టెరాయిడ్ క్రీము రాసిన కొద్ది రోజులు మొహం నిగనిగలాడుతుంది, పొగడ్తలు కూడా వస్తాయి. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు, మొహం మీద వెంట్రుకలు వస్తాయి, మానేస్తే మంటతో ఎర్రగా కందిపోతుంది. ట్యూబ్ మీద బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ లాంటి పేర్లుంటే అది డాక్టర్ రాస్తే మాత్రమే, చెప్పినన్ని రోజులే వాడాల్సిన మందు. లేబుల్ మీద ఏమేమి కలిపారో రాయని క్రీమును మొహం దరిదాపులకు కూడా రానివ్వకండి. మీ రంగులో మార్చాల్సింది ఏమీ లేదు.

ముడతలు తగ్గించే బొటాక్స్, చర్మం కింద నింపే ఫిల్లర్ లాంటి ఇంజెక్షన్లు చేయించుకోవాలనుకుంటే అది మీ ఇష్టం, అందులో తప్పేం లేదు. బొటాక్స్ పూర్తి ఫలితం రావడానికి రెండు వారాల దాకా పడుతుంది, ఫిల్లర్ల వాపు, కమిలిన మచ్చలు తగ్గడానికీ అంతే పట్టవచ్చు. కనీసం నెల ముందు, అర్హత ఉన్న డాక్టర్ దగ్గరే చేయించుకోండి.

జుట్టు: డై వేయాలా వద్దా

రెండూ బావుంటాయి. సగం సగంగా వదిలేస్తేనే బాగోదు.

నెరిసిన జుట్టునే ఉంచుకునేవాళ్లు మంచి కట్ చేయించుకోండి. తెల్ల వెంట్రుకలు కాస్త పొడిగా, బిరుసుగా ఉంటాయి కాబట్టి కండిషనర్ తప్పదు. పసుపు ఛాయ వస్తుంటే ఊదారంగు షాంపూ అప్పుడప్పుడూ వాడితే పోతుంది.

డై వేసేవాళ్లు నిగనిగలాడే నలుపు వద్దు. వయసుతో పాటు మొహం ఛాయలో మార్పు వస్తుంది, కాటుక లాంటి నలుపు పక్కన ముడతలు ఇంకా ముదురుగా కనిపిస్తాయి. మీ అసలు రంగు కంటే ఒక మెట్టు లేతది, ముదురు గోధుమరంగు లాంటిది, ఎంచుకోండి. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది, రెండు మూడు వారాలకే పాపిడిలో తెల్లగీత కనిపిస్తుంది. ఫంక్షన్‌కు నాలుగు నుంచి ఏడు రోజుల ముందు వేసుకుంటే నుదుటి మీది మరకలు పోతాయి, రంగు కుదురుకుంటుంది. వేసేముందు నుదుటి అంచున, చెవుల వెంబడి కాస్త వాజలీన్ రాస్తే మరకలే పడవు.

ప్యాచ్ టెస్ట్ మాత్రం దాటేయకండి. డైలో ఉండే పారాఫినైలిన్ డయమైన్, పొట్టిగా పీపీడీ, కొందరికి ఎలర్జీ తెస్తుంది. 'పదేళ్లుగా ఇదే వాడుతున్నాను, నాకేం కాదు' అనుకోవద్దు. ఈ ఎలర్జీ ఏళ్ల తరబడి వాడాక కూడా ఒక రోజు హఠాత్తుగా మొదలవ్వగలదు, ఒకసారి వచ్చాక సాధారణంగా జీవితాంతం ఉంటుంది. నల్ల హెన్నా పేరుతో అమ్మే వాటిలో కూడా తరచూ పీపీడీ ఉంటుంది, పేరు చూసి మూలికలే అనుకోకండి. ప్యాకెట్‌లో చెప్పిన పద్ధతిలో చెవి వెనక గానీ మోచేతి మడతలో గానీ చిన్న చుక్క రాసి 48 గంటలు చూడండి. దురద, ఎరుపు, వాపు ఏది వచ్చినా ఆ డై ఇక వద్దు. ఒకవేళ వేసుకున్నాక కనురెప్పలు, మొహం వాచినా, ఊపిరి ఆడటం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

జుట్టు పలచబడిన మగవాళ్లు ఉన్నదాన్ని పొట్టిగా కత్తిరించుకోండి. పక్క జుట్టు తెచ్చి బట్టతల మీద కప్పితే గాలికి లేస్తుంది, చెయ్యి మాటిమాటికీ అక్కడికే వెళ్తుంది. జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ లాంటి మందు ఫలితం చూపడానికి కనీసం నాలుగు నెలలు కావాలి, పైగా మొదటి వారాల్లో జుట్టు ఇంకాస్త ఊడవచ్చు. ఈ ఫంక్షన్ కోసం దాన్ని మొదలుపెట్టకండి. వయసుతో పాటు ముక్కులో, చెవుల మీద వెంట్రుకలు, కనుబొమల్లో పొడుగ్గా లేచే వెంట్రుకలు పెరుగుతాయి. వాటిని పీకకుండా ట్రిమ్మర్‌తో కత్తిరించండి. రెండు నిమిషాల పని, మొహం తేటగా కనిపిస్తుంది.

పళ్లు, కళ్లు

రెండు మూడు వారాల ముందు డెంటిస్ట్ దగ్గర గార తీయించుకుంటే నవ్వడానికి వెనకాడరు. పళ్లు తెల్లబరిచే బ్లీచింగ్ చేయించుకుంటే క్యాప్‌లు, ఫిల్లింగ్‌లు మాత్రం పాత రంగులోనే ఉంటాయని గుర్తుంచుకోండి, కొన్నాళ్లు జివ్వుమనడం కూడా ఉండవచ్చు. బీపీ, డిప్రెషన్ మందుల్లో కొన్నింటి వల్ల నోరు ఎండి వాసన వస్తుంది, నీళ్లు తరచూ గుక్కెడు గుక్కెడు తాగండి.

చత్వారం వచ్చి ఇంకా కళ్లజోడు పెట్టుకోని వాళ్లు కళ్లు చిట్లించి చూస్తుంటారు. దాంతో మొహంలో చిరాకు కనిపిస్తుంది, వాళ్లకు చిరాకు లేకపోయినా. కళ్ల పరీక్ష చేయించుకుని మీ మొహానికి నప్పే ఫ్రేమ్ తీసుకోండి. పాతదే ఉంటే గీతలు పడ్డ అద్దాలు మార్పించండి.

బట్టలు, చెప్పులు: రెండు వారాల ముందు రిహార్సల్

ఇప్పుడున్న ఒంటికి బట్టలు కుట్టించండి, తగ్గబోయే ఒంటికి కాదు. ఒక సైజు పెద్దదే కావాల్సి వస్తే తీసుకోండి, లోపలి లేబుల్ మీది నంబర్ ఎవరూ చదవరు. సరిగ్గా భుజం దగ్గర కూర్చున్న మామూలు బట్ట, పట్టేసిన ఖరీదైన బట్ట కంటే ఎంతో అందంగా ఉంటుంది. భుజం కుట్టు భుజం ఎముక అంచునే ఉండాలి. మిగతావి టైలర్ ఆల్టర్ చేయగలడు, భుజాలు సరిచేయడం కష్టం.

రెండు వారాల ముందు పూర్తిగా తయారై, లోదుస్తులు, చెప్పులు, నగలతో సహా, ఒక గంట ఇంట్లో తిరగండి. కుర్చీలో కూర్చోండి. గుండీల మధ్య బట్ట విడిపోతోందా? పైకి చెయ్యి ఎత్తండి, నడుము దగ్గర ఏం జరుగుతోంది? వంగి నేల మీద ఏదైనా తీయండి. మెట్లెక్కండి. భోంచేశాక కూడా అదే నడుము పట్టాలి. ఏది గుచ్చుకున్నా, ఏది జారినా ఇవాళే తెలుస్తుంది, బాగుచేయించుకోవడానికి టైమ్ ఉంటుంది. ఆడవాళ్లు ఇన్నర్స్ సైజు కూడా ఒకసారి కొలిపించుకోండి. పదిహేనేళ్ల కిందటి సైజే ఇంకా కొంటుంటారు చాలామంది, పైన ఎంత మంచి బట్ట వేసినా అందుకే కుదరదు.

ఒళ్లు ఆవిర్లు వచ్చే వయసులో ఉన్నవాళ్లు మందపాటి సింథటిక్ బట్టలు మానేసి, అవసరమైతే పై పొర తీసేసేలా వేసుకోండి. లేత బూడిదరంగులో చెమట మరకలు బాగా కనిపిస్తాయి. ముదురు రంగులో, ప్రింట్లలో అంతగా తెలియవు.

పాదాలు వయసుతో పాటు కాస్త వెడల్పవుతాయి, సాయంత్రానికి వాస్తాయి కూడా. కొత్త చెప్పులు సాయంత్రం పూటే కొనండి, రోజూ అరగంట చొప్పున ఇంట్లో వేసుకుని తిరగండి. కాలు నొప్పి మొహంలో కనిపిస్తుంది.

మేకప్ వేసుకునేవాళ్లకు ఒక్క మాట: పౌడర్ తక్కువ, క్రీమ్ ఎక్కువ. పౌడర్ సన్నని గీతల్లో పేరుకుని వాటిని ఎత్తి చూపిస్తుంది. వేసుకున్నాక కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఒకసారి చూసుకోండి.

ఆఖరి వారం: కొత్తది ఏదీ వద్దు

కొత్త క్రీము, కొత్త పార్లర్, మొదటిసారి ఫేషియల్, కొత్త పెర్ఫ్యూమ్, ఏదీ వద్దు. అలవాటైనవే చేయండి. కనుబొమలు, వ్యాక్సింగ్ లాంటివి రెండు మూడు రోజుల ముందే అయిపోవాలి, ఎర్రదనం తగ్గడానికి.

ఈ వారంలో గట్టిగా పట్టుకోవాల్సింది నిద్ర. 2010లో స్వీడన్ పరిశోధకులు 23 మందిని బాగా నిద్రపోయాక ఒకసారి, నిద్ర లేకుండా ఉంచి ఒకసారి ఫొటోలు తీసి 65 మందికి చూపించారు. ఏది ఏ ఫొటోనో తెలియని ఆ చూసినవాళ్లు, నిద్రలేని మొహాలకు ఆరోగ్యంలోనూ అందంలోనూ తక్కువ మార్కులే వేశారు. రాత్రి ఏడెనిమిది గంటల నిద్రకు టైమ్ కేటాయించండి. ముందు రోజు ఉప్పు ఎక్కువున్న తిండి, మద్యం మానేస్తే పొద్దునకు కళ్ల కింద ఉబ్బు తగ్గుతుంది.

టెన్షన్‌ను ఏం చేయాలి

ఒంటి సంగతి అయింది. చాలామందికి అసలు భయం ఇది కాదు. అక్కడ ఎదురయ్యే ప్రశ్నలు. 'ఏంటి ఇలా లావైపోయావ్?' 'ఇప్పుడెక్కడ చేస్తున్నావ్?' 'పిల్లలు సెటిలయ్యారా?' నడివయసు వచ్చేసరికి ఉద్యోగం పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు, పిల్లల విషయంలో నలుగుతున్నవాళ్లు, ఇంట్లో ఒకరిని కోల్పోయినవాళ్లు ఉంటారు. ఈ ప్రశ్నల్లో ఏదో ఒకటి ప్రతివాళ్లకూ గుచ్చుకునేదే.

మీకు గుచ్చుకునే ప్రశ్న ఏదో మీకు తెలుసు. దానికి ఒక్క వాక్యం జవాబు ముందే తయారుచేసుకోండి: అబద్ధం కాదు, సంజాయిషీ కాదు. వెంటనే ఎదుటివాళ్ల గురించి ఒక ప్రశ్న. 'అవునండీ, కాస్త ఒళ్లు చేశాను. మీరెలా ఉన్నారు, మోకాలి నొప్పి తగ్గిందా?' 'ఆ ఉద్యోగం అయిపోయిందిరా, వేరేది చూస్తున్నా. నువ్వింకా అక్కడేనా?' 'మేం విడిపోయి రెండేళ్లయింది, ఇప్పుడు బాగానే ఉన్నాను. అమ్మ ఎలా ఉన్నారు?' మనసులో అనుకుంటే సరిపోదు, పైకి అనండి. ఒంటరిగా ఉన్నప్పుడు నాలుగైదుసార్లు గొంతెత్తి చెప్తే ఆ రోజు మాట తడబడదు. వివరం చెప్పాల్సిన అప్పు మీకు ఎవరికీ లేదు.

అందరూ మీ పొట్టనే చూస్తారన్న భయానికి ఒక మంచి జవాబు ఉంది. 2000లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్, ఆయన తోటి పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులకు వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్ట్ వేసి, తోటివాళ్లున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది నాలుగో వంతు. మీ మీద మీకున్న శ్రద్ధ మీ మీద ఇంకెవరికీ లేదు. 2018లో వచ్చిన ఇంకో పరిశోధన ఇంకా ఊరటనిస్తుంది: కొత్తవాళ్లతో మాట్లాడాక, ఎదుటివాళ్లకు మనం నచ్చినదానికంటే తక్కువ నచ్చామనే మనం అనుకుంటామట.

అయినా గుండె దడదడలాడుతుంటే దాన్ని అణచాలని చూడకండి. 'కంగారు పడకూడదు' అనే బదులు 'అందర్నీ చూడబోతున్నానని ఉత్సాహంగా ఉంది' అని పైకి అనుకోండి. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇలా అనుకున్నవాళ్లు, ప్రశాంతంగా ఉండాలని ప్రయత్నించినవాళ్ల కంటే బాగా మాట్లాడారు. రెండింటిలోనూ ఒంట్లో జరిగేది దాదాపు ఒకటే కాబట్టి ఆ మళ్లింపు సులువు.

రెండు వారాలకు పైగా ఎవరినీ కలవబుద్ధి కాకపోవడం, నిద్ర, ఆకలి చెడటం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం ఉంటే అది ఫంక్షన్ టెన్షన్ కాకపోవచ్చు. డాక్టర్‌తో మాట్లాడండి. దానికి వైద్యం ఉంది.

ఆ రోజు

ఖాళీ కడుపుతో బయల్దేరకండి. తయారవ్వడానికి మామూలుగా పట్టేదానికంటే ముప్పావుగంట ఎక్కువ పెట్టుకోండి, హడావుడిలో వేసిన చెమటతోనే సగం ఉత్సాహం పోతుంది. బ్యాగులో చత్వారం అద్దాలు, పిన్నీసులు, కాలి పొక్కులకు ప్లాస్టర్, మీ మందులు, టిష్యూలు. బయల్దేరేముందు నిలువుటద్దంలో ముందూ వెనకా ఒకసారి చూసుకోండి, తర్వాత ఇక అద్దం వెతుక్కోకండి.

కాస్త ముందే చేరుకోండి. నిండిన గదిలోకి ఒక్కరే నడిచి వెళ్లడం కష్టం. నలుగురైదుగురే ఉన్నప్పుడు వెళ్తే వచ్చేవాళ్లే మీ దగ్గరకొస్తారు. పాటలు పెట్టే స్పీకర్లకు దూరంగా నిలబడండి. ఈ వయసులో గోలలో మాట సరిగ్గా వినపడక తలూపేస్తుంటాం, ఎదుటివాళ్లకు అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. పేరు గుర్తురాకపోతే నటించకండి. 'మొహం బాగా గుర్తుంది, పేరొక్కటి చెప్పవా' అంటే ఎవరూ ఏమీ అనుకోరు, చాలాసార్లు వాళ్లకూ మీ పేరు గుర్తుండదు.

మాటల్లో ఒక చిన్న పద్ధతి: ఎదుటివాళ్లు చెప్పినదాంట్లోంచే తర్వాతి ప్రశ్న అడగండి. 'అమ్మాయి ఊరు మారింది' అంటే మీ అమ్మాయి సంగతి మొదలుపెట్టకుండా 'కొత్త ఊరు అలవాటైందా తనకు?' అనండి. ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లే ఎదుటివాళ్లకు ఎక్కువ నచ్చుతారని 2017లో హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. అడిగాక జవాబు వినండి. వింటున్నంతసేపూ మీ పొట్ట మీకు గుర్తుకురాదు.

ఎంతసేపు ఉండాలో ముందే అనుకోండి. అలసిపోయి, మొహం వేలాడేసుకుని ఆఖరి దాకా కూర్చోనక్కర్లేదు. పిలిచినవాళ్లకు చెప్పి, బాగా మాట్లాడిన ఒకరిద్దరి నంబర్లు తీసుకుని లేవండి. ఇంటికొచ్చాక మేకప్ కడుక్కుని మాయిశ్చరైజర్ రాసుకుని పడుకోండి. ఆ ఒకరిద్దరికీ మర్నాడే మెసేజ్ పెట్టండి. వారం దాటితే మొహమాటం అడ్డొచ్చి ఇక పెట్టలేరు.